పిల్లల చెవిపోటు: దారి ముక్కులోంచి, మందు నోట్లోంచి

మూడు రోజులుగా ముక్కు కారుతున్న పిల్లాడు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడుస్తాడు. భుజాన వేసుకుంటే కాస్త ఊరుకుంటాడు, పడుకోబెడితే మళ్లీ మొదలు. ఈలోగా వంటింట్లో ఎవరో వెల్లుల్లి రెబ్బ వేసి నూనె కాస్తుంటారు. ఆ నూనె చెవిలో పోసినా జబ్బు ఉన్నచోటికి చేరదు, మధ్యలో కర్ణభేరి అడ్డం ఉంటుంది. కర్ణభేరికి చిల్లు పడి ఉంటే మాత్రం చేరుతుంది, అప్పుడు చేసేది కీడే.

ఒక్క సంగతి తెలిస్తే ఈ జబ్బు గురించిన తక్కిన సంగతులన్నీ సులువుగా బోధపడతాయి. మధ్య చెవి ఇన్‌ఫెక్షన్ చెవి రంధ్రంలోంచి లోపలికి పోదు, ముక్కు వెనకనుంచి చెవిలోకి ఎక్కుతుంది. "నీళ్లు పోసేటప్పుడు చెవిలోకి పోయాయి, అందుకే చీము పట్టింది" అని తల్లిని నిందించే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. కర్ణభేరి బాగున్న పిల్లకి స్నానం నీళ్లు మధ్య చెవిలోకి పోయే దారే లేదు.

ఎందుకొస్తుంది

కర్ణభేరికి అవతల గాలితో నిండిన చిన్న గది ఉంటుంది. శబ్దాన్ని లోపలికి చేరవేసే మూడు బుల్లి ఎముకలు అందులోనే ఉంటాయి. ఆ గదికి ఉన్న ఒకే ఒక్క తలుపు యూస్టేషియన్ గొట్టం. అది ముక్కు వెనక, కొండనాలుకకు పైభాగాన తెరుచుకుంటుంది. మనం మింగినప్పుడు, ఆవలించినప్పుడు క్షణంపాటు తెరుచుకుని లోపలికి గాలి పంపుతుంది, లోపల ఊరిన తేమను కిందికి దించుతుంది. పెద్దవాళ్లలో ఈ గొట్టం సుమారు మూడున్నర సెంటీమీటర్ల పొడవుండి, ఏటవాలుగా కిందికి దిగుతుంది. చంటిపిల్లల్లో దాని పొడవు అందులో సగమే, పైగా దాదాపు అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది. అందుకే గొంతు వెనకనున్న చీమిడి, సూక్ష్మక్రిములు చెవిలోకి వెళ్లడం తేలిక, చెవిలో చేరిన నీరు కిందికి దిగడం కష్టం.

జలుబు చేసినప్పుడు ఆ గొట్టం లోపలి పొర వాచి మూసుకుపోతుంది. లోపల చిక్కుకున్న గాలిని చుట్టూ ఉన్న పొర మెల్లగా పీల్చేసుకుంటుంది. ఖాళీ ఏర్పడి కర్ణభేరి లోపలికి లాక్కుపోతుంది, ఆ పొరలోంచి నీరు ఊరుతుంది. ఆ నీళ్లలో బ్యాక్టీరియా పెరిగితే చీము. చీము పెరిగేకొద్దీ కర్ణభేరి బయటికి ఉబ్బుతుంది, ప్రాణం పోయినంత నొప్పి అప్పుడే. పడుకుంటే నొప్పి ఎక్కువవుతుంది కాబట్టి ఈ బాధ రాత్రిపూటే బయటపడుతుంది. చీము పట్టించే బ్యాక్టీరియాల్లో ముఖ్యమైనవి మూడు: న్యూమోకాకస్, హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా, మొరాక్సెల్లా. ఒక్కోసారి కేవలం వైరస్‌తోనే వచ్చి, దానంతటదే పోతుంది.

ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో ఇది అన్నిటికన్నా ఎక్కువ. ముఖం ఎదిగి గొట్టం ఏటవాలుగా మారేకొద్దీ, అంటే ఆరేడేళ్లు వచ్చేసరికి, చాలామందిలో తగ్గిపోతుంది. అడినాయిడ్లు (ముక్కు వెనక ఉండే గ్రంథులు) పెరిగిన పిల్లలకు, అంగుడి చీలికతో పుట్టినవాళ్లకు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లకు మాత్రం మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఈ చివరి రెండు రకాల పిల్లలకు నొప్పి ఉన్నా లేకపోయినా చెవులు, వినికిడి క్రమం తప్పకుండా చూపించాలి.

గుర్తుపట్టడం

మాటలొచ్చిన పిల్ల "చెవి నొప్పి" అంటుంది. మాటలు రాని పిల్ల విషయంలో మనమే పోల్చుకోవాలి. జలుబు మొదలైన మూడు నాలుగు రోజులకు కొత్తగా జ్వరం, రాత్రిళ్లు పదేపదే లేవడం, ఆత్రంగా రొమ్ము పట్టుకుని రెండు గుక్కలు తాగి ఏడుస్తూ వదిలేయడం (చప్పరించి మింగుతుంటే చెవిలో ఒత్తిడి మారి నొప్పి పెడుతుంది), పడుకోబెట్టగానే ఏడుపు, ఒక్కోసారి వాంతులు, విరేచనాలు. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే చెవి చూపించాల్సిందే. ఊరికే చెవి లాక్కోవడాన్ని మాత్రం పెద్దగా లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. నిద్ర వచ్చినా, పళ్లు వస్తున్నా, ఏమీ తోచకపోయినా పిల్లలు చెవి లాక్కుంటారు. జ్వరం, జలుబు లేకుండా చెవి లాక్కుంటున్న పిల్లలో మధ్య చెవి ఇన్‌ఫెక్షన్ ఉండే అవకాశం తక్కువ.

ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. చెవి రంధ్రానికి ముందు, బుగ్గవైపు ఉండే చిన్న మిట్టను వేలితో మెల్లగా నొక్కండి, తర్వాత చెవి డొప్పను కొంచెం కదిలించండి. అలా చేస్తే పిల్ల గిలగిల్లాడితే అది బయటి చెవి దారిలోని పుండో, సెగ్గడ్డో, వానాకాలంలో వచ్చే బూజో అయి ఉంటుంది. మధ్య చెవి నొప్పి అయితే అలా నొక్కినా పెద్దగా తేడా ఉండదు. జలుబూ జ్వరం లేకుండా ఒక్క చెవే నొప్పి అని, దుర్వాసన వస్తుంటే శనగగింజో, చింతగింజో, పూసో ఇరుక్కుందేమో చూడాలి. దాన్ని ఇంట్లో పిన్నుతో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. గింజలైతే నీళ్లు తగిలితే ఉబ్బుతాయి కూడా.

డాక్టర్ ఓటోస్కోప్‌తో (చెవిలోకి వెలుగు వేసి చూసే పరికరం) చూసేది ప్రధానంగా కర్ణభేరి ఉబ్బిందా అని. ఎర్రగా ఉన్నంత మాత్రాన ఇన్‌ఫెక్షన్ కాదు. గట్టిగా ఏడ్చినా, జ్వరం ఎక్కువగా ఉన్నా కర్ణభేరి ఎర్రబడుతుంది. చెవిలోకి వెలుగు వేసి చూడకుండానే "చెవి ఇన్‌ఫెక్షన్" అని మందు రాసిస్తే, ఒకసారి చెవి చూడమని అడగడంలో తప్పేం లేదు. సెల్‌ఫోన్‌కి తగిలించే చెవి కెమెరాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్నాయి. అటూ ఇటూ కదిలే పిల్ల చెవిలో అవి పెట్టడం ప్రమాదం. గుబిలి అడ్డం ఉంటే కనిపించేది కూడా ఏమీ ఉండదు.

ఆ రాత్రి ఏం చేయాలి

ముందు నొప్పి తగ్గించాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టినా మొదటి రోజు నొప్పి తగ్గించేది అది కాదు, పారాసెటమాలే. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకుండా. పది కిలోల పిల్లకి ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు.

పొరపాటు జరిగేది ఇక్కడే. మన మందుల షాపుల్లో పారాసెటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లకు 120 లేదా 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఒకటి ఉంటాయి. చంటిపిల్లల చుక్కల మందులో అయితే ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటుంది. అదే పది కిలోల పిల్లకి 125 సీసా అయితే 6 మిల్లీలీటర్లు, 250 సీసా అయితే 3, చుక్కల మందు అయితే ఒకటిన్నర. "పోయినసారి ఆరు పోశాం" అన్న గుర్తుతో కొత్త సీసాలోంచి ఆరు పోస్తే మోతాదు రెట్టింపు. సీసా మీద ఐదు మిల్లీలీటర్లకు ఎన్ని మిల్లీగ్రాములో చదివాకే కొలవండి, అదీ టీ చెంచాతో కాదు, సీసాతో ఇచ్చే మూతతోనో సూది లేని సిరంజితోనో. జలుబు సిరప్‌లలో కూడా పారాసెటమాల్ కలిసి ఉండవచ్చు, రెండూ కలిపి పోయకూడదు. మూడు నెలల లోపు పసిబిడ్డకైతే డాక్టర్ చూడకుండా జ్వరం మందు వేయవద్దు.

ఆరు నెలలు దాటిన పిల్లకు పారాసెటమాల్‌తో నొప్పి తగ్గకపోతే ఐబుప్రొఫెన్ కిలోకు 10 మిల్లీగ్రాములు, ఎనిమిది గంటలకోసారి, ఏదైనా తిన్నాక ఇవ్వవచ్చు. వాంతులు, విరేచనాలతో నీరసించిన పిల్లకి వద్దు. చుట్టుపక్కల డెంగీ తిరుగుతున్న రోజుల్లో అసలు వద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. పిల్లలకు ఆస్పిరిన్ ఏ రోజుల్లోనూ ఇవ్వకూడదు.

ముక్కు దిబ్బడకు షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు ఒక్కో ముక్కులో రెండేసి, పాలు పట్టే ముందూ పడుకోబెట్టే ముందూ వేస్తే పిల్ల హాయిగా మింగగలుగుతుంది. ఏడాది దాటిన పిల్లకి తలవైపు పరుపు కింద మడిచిన దుప్పటి పెట్టి కాస్త ఎత్తు చేయవచ్చు. అంతకన్నా చిన్నపిల్లలకు దిండ్లూ దుప్పట్లూ ఊపిరికి అడ్డు, భుజాన వేసుకోవడమే మేలు. పొడి గుడ్డను గోరువెచ్చగా కాచి, ముందు మీ మణికట్టుకు ఆనించి చూసుకుని, చెవికి బయటినుంచి కాపడం పెడితే కొంత ఊరట. పాలు, నీళ్లు, జావ కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి.

ఇక చెవిలో పోయకూడనివి: కాచిన నూనె, వెల్లుల్లి నూనె, ఆముదం, చనుబాలు, తులసి రసం, ఏ ఆకు పసరైనా. చనుబాలు కడుపులోకి వెళ్తే చేసే మేలు చెవిలో పోస్తే చేయవు, అక్కడ అవి క్రిములకు మేత. వేడి చూసుకోని నూనెతో చెవి దారి కాలిన పిల్లలూ ఆస్పత్రులకు వస్తుంటారు. చెవిపోటు అనగానే కొన్ని షాపుల వాళ్లు ఇచ్చే చుక్కలు నిజానికి గుబిలిని మెత్తబరిచేవి. చిల్లు ఉన్న చెవిలో పడితే మంట మండిపోతుంది. చెవిలో ఏ చుక్కలైనా కర్ణభేరిని చూశాకే.

ఎప్పుడు తెల్లవారేదాకా ఆగకూడదంటే: మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ జ్వరం వచ్చినా, చెవి వెనక ఎముక దగ్గర వాచి ఎర్రబడి చెవి డొప్ప ముందుకు తోసుకొచ్చినట్టు కనిపించినా, మూతి ఒక పక్కకు పోయినా, మెడ బిగుసుకుపోయినా, ఫిట్స్ వచ్చినా, పిల్ల మగతగా పడి ఉండి పాలు ముట్టకపోయినా, నడిచే పిల్ల తూలిపోతున్నా. చెవి వెనక వాపంటే ఇన్‌ఫెక్షన్ ఎముకలోకి దిగిందన్నమాట, అది మెదడుకు పక్కిల్లే. ఆ పిల్లను ఆస్పత్రిలో చేర్చి నరానికి మందు ఎక్కించాల్సి ఉంటుంది.

యాంటీబయాటిక్ అందరికీ అక్కర్లేదు

ఇది చాలామంది తల్లిదండ్రులకు మింగుడుపడని మాట. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లల్లో చెవిపోటు ఎక్కువసార్లు రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2013లో వెలువరించిన మార్గదర్శకాలు ఇలా చెబుతాయి: చెవిలోంచి చీము కారుతున్నా, నొప్పి తీవ్రంగా ఉన్నా లేక 48 గంటలు దాటినా, జ్వరం 102.2 డిగ్రీలు దాటినా యాంటీబయాటిక్ ఇవ్వాలి. రెండేళ్ల లోపు పిల్లకి రెండు చెవుల్లోనూ ఉంటే ఇవ్వాలి. ఆరు నెలల లోపు బిడ్డకైతే ఆలోచించకుండా ఇవ్వడమే పద్ధతి. రెండేళ్ల లోపు పిల్లకి ఒకే చెవిలో, అదీ కొద్దిపాటిగా ఉన్నప్పుడు, లేదా రెండేళ్లు దాటిన పిల్లకి కొద్దిపాటిగా ఉన్నప్పుడు నొప్పి మందుతో 48 నుంచి 72 గంటలు ఆగి చూడవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లు "జ్వరంతో తీసుకెళ్తే డాక్టర్ ఏమీ ఇవ్వకుండా పంపించేశాడు" అని విసుక్కునేది చాలావరకు ఈ లెక్క తెలియకే. అయితే ఆగడానికి ఒక షరతుంది. పరిస్థితి ముదిరితే వెంటనే మళ్లీ చూపించుకునే వీలుండాలి. డాక్టర్ దగ్గరికి రావాలంటే రెండు బస్సులు మారాల్సిన ఊళ్లో ఇదే మాట అదే తీరున పనికిరాదు. అక్కడ ముందే రాసివ్వడం, ఫోన్లో కనుక్కుంటూ మొదలుపెట్టించడం సబబు.

మొదట వాడేది అమాక్సిసిలిన్. చెవికి కావలసిన మోతాదు మామూలు గొంతునొప్పికి వాడేదానికన్నా ఎక్కువ: రోజుకు కిలోకు 80 నుంచి 90 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా. రెండేళ్ల లోపు పిల్లకి, లేదా జబ్బు తీవ్రంగా ఉంటే పది రోజులు, రెండు నుంచి ఐదేళ్ల పిల్లకి ఏడు రోజులు, ఆరేళ్లు దాటితే ఐదు నుంచి ఏడు రోజులు. గత నెల రోజుల్లో అమాక్సిసిలిన్ వాడి ఉన్నా, కళ్లు కూడా పుసులు కడుతున్నా దాంతోపాటు క్లావులనేట్ కలిసిన మందు ఇస్తారు. పెనిసిలిన్ పడని పిల్ల అయితే ఆ మాట ముందే చెప్పాలి, వేరే మందులున్నాయి. మూడు రోజుల కోర్సు తేలికని అజిత్రోమైసిన్ ఇవ్వడం మన దగ్గర బాగా అలవాటైంది. చెవి చీముకు కారణమయ్యే బ్యాక్టీరియాల మీద అది బలహీనం, మొదటి మందుగా పనికొచ్చేది కాదు.

మందు ఏదో, ఎంతో తేల్చాల్సింది డాక్టరే. ఇంట్లో తప్పు జరిగేది దాన్ని కలపడంలో. పిల్లలకిచ్చే ఈ మందులు పొడి రూపంలో వస్తాయి. సీసాను తలకిందులు చేసి తట్టి, అడుగున గడ్డకట్టిన పొడిని వదులు చేయాలి. కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి బాగా గిలకొట్టాలి, నురగ తగ్గాక సీసా మీది గీత దాకా మళ్లీ పోసి ఇంకోసారి గిలకొట్టాలి. వేడి నీళ్లు పోస్తే మందు పాడవుతుంది. గీత దాటితే పలచబడి మోతాదు చాలదు. క్లావులనేట్ కలిసినదాన్ని ఫ్రిజ్‌లో, అదీ తలుపులో కాకుండా లోపలి అరలో ఉంచి, ఏడు రోజుల్లో వాడేయాలి. ప్రతిసారీ పోసే ముందు సీసా ఊపాలి, లేకపోతే మొదటి రోజుల్లో నీళ్లు, చివరి రోజుల్లో మందు తాగించినట్టవుతుంది.

ఇంకోటి సీసాల లెక్క. పది కిలోల పిల్లకి రోజుకు 800 మిల్లీగ్రాములు అనుకుంటే, 5 మిల్లీలీటర్లకు 250 మిల్లీగ్రాములుండే సీసాలోంచి పూటకు 8 మిల్లీలీటర్లు పోయాలి. రోజుకు 16. ముప్పై మిల్లీలీటర్ల సీసా రెండు రోజులు కూడా నిండా రాదు. "సీసా అయిపోయింది, కోర్సు అయిపోయింది" అని ఆపేసేవాళ్లే ఎక్కువ. డాక్టర్ రాసిన రోజులకు ఎన్ని సీసాలు కావాలో షాపులోనే లెక్కేయించుకోండి, అన్నీ తెచ్చుకున్నా ఒకదాని తర్వాత ఒకటే కలపండి. క్లావులనేట్ మందు సీసా మీద 228.5 అనో 457 అనో ఉంటుంది. అది రెండు మందుల మొత్తం, అమాక్సిసిలిన్ వంతు వరుసగా 200, 400 మాత్రమే. మోతాదు లెక్క ఈ వంతు మీదే.

క్లావులనేట్ కలిసిన మందుతో విరేచనాలు కావచ్చు. అన్నం మొదటి ముద్దతోపాటు ఇస్తే కాస్త నయం. ఓఆర్ఎస్ పట్టిస్తూ ఉండండి, పలచటి విరేచనాలైనంత మాత్రాన మందు ఆపనక్కర్లేదు. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, పెదవులు వాచినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మందు మొదలెట్టి 48 నుంచి 72 గంటలైనా జ్వరం, నొప్పి తగ్గకపోతే మళ్లీ చూపించాలి. మందు మార్చాల్సి రావచ్చు.

జలుబు సిరప్‌లు చెవి ఇన్‌ఫెక్షన్‌ను తగ్గించవు, రానీయకుండా ఆపవు కూడా. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని సీసాల మీద ముద్రించాలంటూ 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. ఇంట్లో పాత సీసా ఉంటే దాని మీద ఆ రెండు పేర్లూ ఉన్నాయేమో చూడండి.

చీము కారుతుంటే

ఏడ్చి ఏడ్చి పిల్ల ఒక్కసారిగా తేరుకుని నిద్రపోతుంది, పొద్దున చూస్తే దిండు మీద పసుపు మరక. కర్ణభేరికి చిన్న చిల్లు పడి లోపలి చీము బయటికొచ్చింది, ఒత్తిడి పోయింది కాబట్టి నొప్పీ పోయింది. చూడ్డానికి భయంగా ఉన్నా, సరైన మందు పడితే ఈ చిల్లు సాధారణంగా కొద్ది వారాల్లోనే పూడుకుంటుంది. చెవిని పొడిగా ఉంచకపోతే అది పూడక, చీము ఆగక, సంవత్సరాల తరబడి కారే చెవిగా మారవచ్చు.

చెవిని పొడిచేసే పద్ధతి చాలా సులువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఊళ్లలోని తల్లులకు నేర్పించమని చెప్పేదీ ఇదే. ఉతికి ఎండబెట్టిన మెత్తటి నూలు గుడ్డ ముక్క చివరను దీపం వత్తిలా మెలిపెట్టండి. చెవి డొప్పను మెల్లగా వెనక్కి లాగి, తడిసేదాకా ఆ వత్తిని చెవిలో ఉంచండి. తీసి పారేసి కొత్తది పెట్టండి. వత్తి పొడిగా బయటికొచ్చేదాకా అలాగే మార్చండి. రోజుకు కనీసం మూడుసార్లు. అగ్గిపుల్ల, ఇయర్ బడ్, దూది చుట్టిన పుల్ల వద్దేవద్దు. చేసే ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. అయ్యాక చెవిలో దూది కుక్కి వదిలేయకూడదు, చీము బయటికి రాకుండా అక్కడే ఊరుతుంది.

చుక్కలు రాసిస్తే ఇలా పొడిచేశాకే వేయాలి. చీము నిండిన చెవిలో వేసిన మందు పైనే తేలి కిందికి జారిపోతుంది. సీసాను ఒకటి రెండు నిమిషాలు అరచేతుల్లో పట్టుకుని వెచ్చబెట్టండి, చల్లగా వేస్తే పిల్లకి కళ్లు తిరుగుతాయి. పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, మూడేళ్ల లోపైతే చెవి డొప్పను కిందికీ వెనక్కీ, పెద్ద పిల్లలకైతే పైకీ వెనక్కీ లాగి, చెప్పినన్ని చుక్కలు వేయండి. చెవి ముందరి మిట్టను నాలుగైదుసార్లు నొక్కి వదిలితే మందు లోపలికి దిగుతుంది. ఐదు నిమిషాలు అలాగే ఉంచాలి. చిల్లు ఉన్న చెవికి సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రకం చుక్కలు వాడతారు. జెంటామైసిన్, నియోమైసిన్ కలిసిన చుక్కలు లోపలి చెవిలోకి దిగితే వినికిడిని దెబ్బతీయగలవు. పాత చీటీ చూపించి షాపులో ఏదో ఒకటి తెచ్చి వేయకూడదన్నది అందుకే.

చీము ఆగి, చిల్లు పూడిందని డాక్టర్ చెప్పేదాకా చెవిలోకి నీళ్లు పోకూడదు. తలకు పోసేటప్పుడు దూది ఉండకు వాజ్‌లైన్ పూసి రంధ్రం బయటే ఉంచి, స్నానం కాగానే తీసేయండి. చెరువులో, ఈతకొలనులో మునకలు వద్దు.

చీము 14 రోజులు దాటి కారుతుంటే అది దీర్ఘకాలిక సమస్య, ఈఎన్‌టీ డాక్టర్ చూడాల్సిందే. పలచగా, జిగటగా, జలుబు చేసినప్పుడల్లా కారే చెవిలో సాధారణంగా చిల్లు ఒక్కటే సమస్య. చెవి పొడిబారాక, పిల్ల కొంచెం పెద్దయ్యాక చిల్లు పూడ్చే ఆపరేషన్ చేస్తారు. కొంచెమే కారుతూ కుళ్లు కంపు కొట్టే చెవి ఎక్కువ ప్రమాదం. లోపల చర్మం పొరలు పేరుకుని గడ్డలా పెరిగి ఎముకను తినేస్తూ ఉండవచ్చు. దానికి చుక్కల మందులు చాలవు, ఆపరేషన్ తప్పదు. "చీము కొంచెమే కదా" అని దీన్ని వాయిదా వేయడం పెద్ద పొరపాటు.

నొప్పి లేని నీరు

నొప్పి, జ్వరం తగ్గాక కూడా కర్ణభేరి వెనక నీరు కొన్ని వారాలు ఉంటుంది. నెల తర్వాత కూడా పదిమందిలో నలుగురికి ఉంటుంది, మూడు నెలలకు చాలామందిలో పోతుంది. దాన్ని చూసి మళ్లీ యాంటీబయాటిక్ వేయకూడదు, అది ఇన్‌ఫెక్షన్ కాదు. అలెర్జీ మాత్రలు, స్టెరాయిడ్లు కూడా ఆ నీటిని తీసేయవు.

చూసుకోవాల్సింది వినికిడి. పిలిస్తే పలకకపోవడం, టీవీ సౌండు పెంచమనడం, "ఆఁ?" అని మళ్లీ మళ్లీ అడగడం, రెండేళ్లు దాటినా మాటలు సరిగ్గా రాకపోవడం, బడిలో "పరాకు పిల్ల" అనిపించుకోవడం. ఇవన్నీ పొగరనీ మొద్దుతనమనీ అనుకుని తిట్లు తినే పిల్లల్లో కొందరి చెవిలో ఉండేది నీరే. రెండు చెవుల్లోనూ మూడు నెలలు దాటి నీరుంటే వినికిడి పరీక్ష చేయించాలి. కర్ణభేరి కదలికను కొలిచే టింపనోమెట్రీలో నొప్పి ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. ఆ పరీక్ష కాగితం మీద గీత చదునుగా వస్తే సాధారణంగా నీరు ఉన్నట్టే. వినికిడి తగ్గి ఉంటే మత్తుమందిచ్చి కర్ణభేరికి చిన్న గాటు పెట్టి, నీరు తీసి, గ్రొమెట్ అనే బుల్లి గొట్టం అమరుస్తారు. అది లోపలికి గాలి అందిస్తూ ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపు దానంతటదే ఊడిపడుతుంది. నోరు తెరుచుకుని పడుకోవడం, గురక ఉన్న పిల్లకి అడినాయిడ్లు కూడా అప్పుడే తీసేయవచ్చు. ఆరు నెలల్లో మూడుసార్లు, లేక ఏడాదిలో నాలుగుసార్లు చీము పట్టిన పిల్ల విషయంలోనూ గ్రొమెట్ సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి. నెలల తరబడి ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ తాగించడం ఇప్పుడు సాధారణంగా సిఫారసు చేయడం లేదు.

రాకుండా చూసుకోవడం

మొదటి ఆరు నెలలు తల్లిపాలే. ఇది ఊరికే చెప్పే మాట కాదు, తల్లిపాలు తాగే పిల్లల్లో చెవి ఇన్‌ఫెక్షన్లు నిజంగానే తక్కువ. సీసా పాలు తప్పకపోతే తల ఎత్తుగా ఉండేలా ఒళ్లో కూర్చోబెట్టి పట్టండి. ఉయ్యాల్లో పడుకోబెట్టి సీసా నోట్లో పెట్టి వెళ్లిపోతే పాలు ముక్కు వెనక్కి చేరి, అడ్డంగా ఉన్న ఆ గొట్టంలోకి పోతాయి. ఉగ్గుగిన్నెతో పట్టేటప్పుడూ ఇంతే. ఆరు నెలలు దాటాక నోట్లో పెట్టే రబ్బరు పీక అలవాటు మాన్పించడం మంచిది.

పొగ రెండో శత్రువు. సిగరెట్, బీడీ, కట్టెల పొయ్యి, దోమల చుట్ట, నీళ్లు పోశాక పట్టే సాంబ్రాణి, అన్నీ ముక్కు లోపలి పొరను వాచేలా చేసేవే. సాంబ్రాణి మానడానికి ఒప్పుకోని అమ్మమ్మలుంటే, పొగ పట్టాక గదిలోకి గాలి రానిచ్చి తర్వాతే పిల్లను తీసుకెళ్లే ఏర్పాటైనా చేయండి. స్నానం తర్వాత చెవుల్లో, ముక్కుల్లో నోటితో ఊదడం, నూనె చుక్క వేయడం పూర్తిగా మానేయాలి. ఊదేవాళ్ల నోట్లోని క్రిములే పిల్ల ముక్కులోకి వెళ్తాయి. చెవి శుభ్రం అంటే బయట కనిపించే భాగాన్ని తడిగుడ్డతో తుడవడం, అంతే. గుబిలి దానంతటదే బయటికి వస్తుంది.

టీకాల్లో ముఖ్యమైనది న్యూమోకోకల్ టీకా. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలో ఉచితంగా వేస్తారు. అన్ని చెవి ఇన్‌ఫెక్షన్లనూ ఆపదు కానీ న్యూమోకాకస్‌తో వచ్చేవాటిని తగ్గిస్తుంది. తట్టు వచ్చిన పిల్లలకు చెవిలో చీము పట్టడం మామూలు కాబట్టి తొమ్మిదో నెలలోనూ, పదహారో నెల నుంచి రెండేళ్ల లోపూ వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా తప్పించవద్దు. ఏటా వేయించుకోవాల్సిన ఫ్లూ టీకా ఆరు నెలలు దాటిన పిల్లలకు డబ్బు పెట్టి వేయించుకోవచ్చు. మొదటి ఏడాది నెల తేడాతో రెండు డోసులు పడతాయి.

ముక్కు చీదడం నేర్పేటప్పుడు ఒక రంధ్రం మూసి రెండోదాంట్లోంచి మెల్లగా చీదమనండి. రెండూ మూసి బలంగా చీదితే చీమిడి చెవి గొట్టంలోకి తన్నుకుపోతుంది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. వాళ్లు చూసే సమస్యల జాబితాలో చెవి చీము కూడా ఉంది. వాళ్లొచ్చిన రోజు పిల్లను బడి మాన్పించకుండా, చీము ఎన్నిసార్లు కారిందో చెప్పి, పై ఆస్పత్రికి చీటీ రాయించుకోండి. పిల్ల పాత మందుల చీటీలన్నీ ఒక కవర్లో పెట్టి వెంట తీసుకెళ్తే, ఏ మందు ఎన్నిసార్లు పడిందో డాక్టర్‌కి అక్కడికక్కడే తెలుస్తుంది.